పెద్ద డిజిటల్ వేదికల ఆధిపత్యం ఆవిష్కరణను ఆపుతుందా, దారి మళ్లిస్తుందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: వాడుకరుల దగ్గర పైసా తీసుకోకుండా సేవలందిస్తూ, పరిశోధన మీద ఇతరులెవరూ పెట్టలేనంత డబ్బు పెడుతున్న కంపెనీలను పోటీ చట్టాలతో కట్టడి చేస్తే చివరికి దెబ్బ తినేది ఆవిష్కరణే కదా, అలాంటప్పుడు ప్రభుత్వాలు కలగజేసుకోవడం ఎందుకు, కలగజేసుకోక తప్పకపోతే ఏ రూపంలో? పోటీ చట్టం కింద నడిచే వ్యవహారాలలో ఆర్థిక విశ్లేషణ వైపు చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆధిపత్యం వల్ల ఆవిష్కరణ ఆగిపోతుందని నేను అనుకోను. కానీ అది ఏ దిక్కుగా సాగాలో, ఎవరి అనుమతితో సాగాలో ఆధిపత్యం ఉన్నవారి చేతిలోకి వెళ్లిపోతుంది. పరిశోధన ఖర్చుల లెక్కలు మాత్రమే చూసేవారికి ఈ మార్పు కనిపించదు. పుట్టకుండానే పోయిన సేవ ఎవరి పద్దులోనూ నమోదు కాదు కదా.

ఆర్థికశాస్త్రంలో ఈ చర్చ పాతదే. పెద్ద సంస్థలకు ఉండే నిలకడైన లాభాలే పెద్ద ఆవిష్కరణలకు ఊపిరి అని 1942లో జోసెఫ్ షుంపీటర్ వాదించాడు. 1962లో కెన్నెత్ ఆరో దీనికి ఎదురు తిరిగాడు: ఇప్పటికే లాభాలు పండించుకుంటున్న గుత్తసంస్థ కొత్తదాన్ని తెస్తే ముందు దెబ్బ తినేది దాని పాత లాభమే కాబట్టి, కోల్పోవడానికి ఏమీ లేని కొత్త సంస్థకున్న ఆత్రుత దానికి ఉండదన్నాడు. పోటీ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆవిష్కరణ మందగిస్తుందని, నడిమధ్యన ఎక్కువగా ఉంటుందని 2005లో ఫిలిప్ అగియాన్, ఆయన సహచరులు బ్రిటిష్ పరిశ్రమల గణాంకాలతో చూపారు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని తీర్పు చెప్పేయడం సులువే గానీ, డిజిటల్ రంగంలో తరచుగా మొదటి రెండూ ఒకే కథలో పక్కపక్కనే కనిపిస్తాయి.

ఉదాహరణకు, నేటి భాషా నమూనాలన్నిటికీ పునాది అయిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణాన్ని 2017లో ప్రచురించింది గూగుల్ పరిశోధకులే. ప్రకటనల వ్యాపారం నుంచి వచ్చిన లాభాలు లేకపోతే అంత స్వేచ్ఛగా, అంత ఖర్చుతో నడిచే పరిశోధన విభాగం ఉండేదని చెప్పలేం. ఇక్కడ షుంపీటర్ మాటే నిలిచింది. అయితే ఆ నిర్మాణం మీద సాధారణ జనం నేరుగా సంభాషించగల సేవను 2022 నవంబరులో ముందుగా విడుదల చేసింది ఓపెన్‌ఏఐ. గూగుల్ అలాంటి తన సేవ బార్డ్‌ను జనానికి అందుబాటులోకి తెచ్చింది 2023 మార్చిలో. తప్పుడు సమాధానాలు వస్తే పేరు పోతుందన్న భయం, నడపడానికయ్యే ఖర్చు వంటి కారణాలు కూడా ఈ ఆలస్యం వెనుక ఉండవచ్చు. కానీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే యంత్రం, ప్రకటనలతో నిండిన ఫలితాల పేజీ నుంచి వచ్చే రాబడిని తినేస్తుందన్న లెక్క ఆ సంస్థలో ఎవరికీ తట్టలేదని నమ్మడం కష్టం. ఆవిష్కరణ పుట్టిన ఇల్లు ఒకటి, దానికి తలుపు తీసినది మరొకటి. ఆ రెండో ఇల్లు లేని మార్కెట్లో ఏం జరిగేదన్నది పోటీ విధానం వేసుకోవలసిన ప్రశ్న.

డిజిటల్ వేదికలకు మామూలు గుత్తసంస్థలకు లేని కొన్ని లక్షణాలున్నాయి. ఎక్కువ మంది ఉన్నచోటికే మరింత మంది వస్తారు. వాడకం నుంచి వచ్చే డేటా సేవను మెరుగుపరుస్తుంది. ఒక్కో అదనపు వాడుకరికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఇవి అందరికీ తెలిసిన సంగతులే కాబట్టి ఎక్కువసేపు ఆగను. అంతగా చర్చకు రానిది డీఫాల్ట్ అమరిక. ఫోన్ కొన్నప్పుడు అందులో ముందే అమర్చి ఉన్న సెర్చ్ ఇంజిన్‌ను మార్చుకోవడానికి ఎవరూ అడ్డుపడరు, రెండు మూడు నొక్కులతో పని అయిపోతుంది, అయినా అత్యధికులు మార్చరు. ఆ అలవాటు విలువ ఎంతో గూగుల్‌కు బాగా తెలుసు: అమెరికా ప్రభుత్వం 2020 అక్టోబరులో వేసిన కేసు విచారణలో బయటపడిన లెక్క ప్రకారం, 2021లో ఇలాంటి డీఫాల్ట్ స్థానాల కోసం ఆ సంస్థ యాపిల్‌తో సహా పరికరాల తయారీదారులకు, బ్రౌజర్ సంస్థలకు, టెలికాం కంపెనీలకు చెల్లించిన మొత్తం 2,630 కోట్ల డాలర్లు. తమ సేవ మెరుగైనది కాబట్టే జనం ఎంచుకుంటున్నారని వాదించే సంస్థ, ఆ ఎంపికను ముందే ఖాయం చేసుకోవడానికి అంత సొమ్ము ఎందుకు పెడుతుందన్న ప్రశ్న కోర్టులో సహజంగానే వచ్చింది. ఈ ఒప్పందాలు చట్టవిరుద్ధమని, గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలబెట్టుకుందని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పు ఇచ్చారు.

ఈ కేసు సందర్భంగానే నీవా అనే చిన్న సంస్థ గురించి చెప్పాలి. గూగుల్ ప్రకటనల విభాగానికి అధిపతిగా పనిచేసిన శ్రీధర్ రామస్వామి 2019లో దాన్ని ప్రారంభించారు. ప్రకటనలు లేకుండా, చందాతో నడిచే సెర్చ్ సేవ అది. ఆలోచన కొత్తది, మనుషులు అనుభవజ్ఞులు, పెట్టుబడికి లోటు లేదు. 2023లో మూతపడింది. సెర్చ్ ఇంజిన్‌ను నిర్మించడం కంటే, అప్పటికే వాడుతున్నదాన్ని మార్చుకునేలా జనాన్ని ఒప్పించడమే అసలు కష్టమైందని ఆ సంస్థే చెప్పుకుంది. సెర్చ్ కోసం డబ్బు కట్టేవారు అసలు ఉన్నారో లేదో తెలియదు కాబట్టి, నీవా వైఫల్యానికి గూగుల్ ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఆ సేవ బాగుందో లేదో తేల్చవలసిన వాడుకరుల ముందుకు అది సరిగా చేరనేలేదు. ఆవిష్కరణ మీద ఆధిపత్యపు ప్రభావం చాలావరకు ఇలాగే ఉంటుంది: ఎవరూ దేన్నీ నిషేధించరు, పరీక్షకు కూర్చునే అవకాశం మాత్రం దొరకదు.

వేదికను నడిపేవారే ఆ వేదిక మీద వ్యాపారం కూడా చేస్తుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. కంచే చేను మేసే పరిస్థితి అది. బ్రిటన్‌లో ఒక దంపతులు నడిపిన ఫౌండెమ్ అనే ధరల పోలిక సైట్ ఉదంతం దీనికి బాగా సరిపోతుంది. 2006లో ఆ సైట్ గూగుల్ ఫలితాలలో ఉన్నట్టుండి అడుగుకు జారిపోయింది. వారు 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. కమిషన్ విచారణలో తేలినదేమిటంటే, గూగుల్ తన సొంత షాపింగ్ పోలిక సేవను పేజీ పైభాగాన చిత్రాలతో సహా ప్రదర్శిస్తూ, పోటీ సేవలను మాత్రం వెనక్కి నెట్టే సూత్రాలను అమలు చేసింది. పోటీదారుల్లో మెరుగైన స్థానం దక్కినది కూడా సగటున నాలుగో పేజీలో కనబడేది. ఆ స్థానం ఎంత హీనమో అర్థం కావాలంటే కమిషనే ఇచ్చిన మరో లెక్క చూడాలి: కంప్యూటర్ మీద చేసే శోధనల్లో మొదటి పేజీలోని పది ఫలితాలకు కలిపి దాదాపు 95 శాతం క్లిక్కులు పోతాయి, వాటిలో మొట్టమొదటి ఫలితానికే 35 శాతం, రెండో పేజీలోని తొలి ఫలితానికి దక్కేది సుమారు 1 శాతం. ఇక నాలుగో పేజీ గురించి చెప్పేదేముంది.

కమిషన్ 242 కోట్ల యూరోల జరిమానా విధించింది 2017 జూన్‌లో. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాన్ని అంతిమంగా ఖరారు చేసింది 2024 సెప్టెంబరులో. ఫిర్యాదుకు, తుది తీర్పుకు మధ్య దాదాపు 15 ఏళ్లు. ఫౌండెమ్ 2016లోనే మూతపడింది. ఫిర్యాదుదారు గెలిచాడు, పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. జరిమానా ఖజానాకు వెళ్లింది, ఆ పదిహేనేళ్లలో ధరల పోలిక అనే రంగంలో రావలసిన కొత్త ఆలోచనలు మాత్రం ఎక్కడికి వెళ్లాయో ఎవరూ లెక్క కట్టలేరు. పెద్ద జరిమానా అంకెలు పత్రికల్లో పతాక శీర్షికలవుతాయి గానీ, నా దృష్టిలో ఈ కథలో ముఖ్యమైన అంకె ఆ పదిహేనే.

వెంచర్ పెట్టుబడిదారులు ఇలాంటి అనుభవాలను గమనించకుండా ఉండరు. వేదిక యజమాని రేపు ఇదే పనిని తన ఉత్పత్తిలో ఉచితంగా కలిపేస్తాడా, లేక మనల్ని కొనుక్కుంటాడా అన్న రెండు ప్రశ్నలు పెట్టుబడి చర్చలో తప్పకుండా వస్తాయి. మొదటి భయం వల్ల కొన్ని రంగాల్లో పెట్టుబడి ఆరిపోతుందని కొందరు పరిశోధకులు, రెండో ఆశ వల్ల పెట్టుబడి పెరుగుతుందని మరికొందరు చూపారు. రెండూ నిజమే కావచ్చు. అయితే రెండోదానిలో ఒక మెలిక ఉంది: పెద్ద సంస్థకు అమ్ముడుపోవడమే లక్ష్యమైనప్పుడు స్టార్టప్‌లు ఆ పెద్ద సంస్థ ఉత్పత్తికి అతికే పనిముట్లనే తయారు చేస్తాయి, దానికి ప్రత్యామ్నాయాన్ని తయారు చేయవు. కొత్త కంపెనీల సంఖ్య తగ్గదు, పేటెంట్లూ తగ్గవు, కానీ అందరూ ఒకే ఇంటికి గదులు కడుతుంటారు.

కొనుగోళ్ల విషయం ఇంతకంటే జటిలం. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు అందులో పనిచేసేవారు 13 మంది, రాబడి సున్నా. రాబడిని బట్టి విలీనాలను పరిశీలించే చట్టాలకు అలాంటి కొనుగోలు కనబడదు, కనబడినా ప్రమాదకరంగా తోచదు. అమెరికా, బ్రిటన్ అధికారులు దాన్ని పరిశీలించి అనుమతించారు. 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొనబోతున్నట్లు ప్రకటించినప్పుడు, రెండు సేవల ఖాతాలను నమ్మకంగా జతపరచడం సాధ్యం కాదని ఫేస్‌బుక్ యూరోపియన్ కమిషన్‌కు చెప్పింది. ఆ సమాచారం తప్పుదారి పట్టించేదని తేలి 2017లో 11 కోట్ల యూరోల జరిమానా పడింది, కొనుగోలు మాత్రం అలాగే నిలిచింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులివి. ఇలాంటివి చూశాకే జర్మనీ 2017లో, భారత్ 2024 సెప్టెంబరు నుంచి, రాబడితో పాటు ఒప్పందపు విలువను కూడా కొలమానంగా పెట్టుకున్నాయి. భారత్‌లో ఆ హద్దు 2,000 కోట్ల రూపాయలు.

అయితే అడ్డుకున్న ప్రతి కొనుగోలూ ఆవిష్కరణను కాపాడుతుందనుకుంటే పొరపాటు. అడోబీ 2,000 కోట్ల డాలర్లకు డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఫిగ్మాను కొనాలనుకుని, యూరప్, బ్రిటన్ అధికారుల అభ్యంతరాల తర్వాత 2023 డిసెంబరులో విరమించుకుంది. ఫిగ్మా స్వతంత్రంగా ఎదిగి 2025లో స్టాక్ మార్కెట్లో నమోదైంది. అదే కాలంలో అమెజాన్, రోబో వాక్యూమ్‌ల తయారీ సంస్థ ఐరోబోట్‌ను కొనే ప్రయత్నాన్ని ఇలాగే 2024 జనవరిలో వదులుకుంది. ఐరోబోట్ తన ఉద్యోగుల్లో 31 శాతం మందిని తొలగిస్తున్నట్లు వెంటనే ప్రకటించింది, 2025 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. రెండిటికీ ఒకే నియమం వర్తింపజేస్తే ఒకచోట ఫలించింది, మరోచోట వికటించింది. కొనబడే సంస్థ సొంత కాళ్ల మీద నిలబడగలదా, కొనే సంస్థతో నేరుగా తలపడగలదా అన్న పరిశీలన ప్రతి కేసులోనూ విడిగా జరగవలసిందే. ఔషధ రంగంలో పోటీ మందును కొని పరిశోధనను ఆపేసిన ఉదంతాల మీద గట్టి అధ్యయనాలు వచ్చాయి, కానీ అక్కడి అంకెలను తెచ్చి సాఫ్ట్‌వేర్‌కు అతికించేవారిని చూస్తే నాకు చిరాకు. మందు పరిశోధన ఆగిందో లేదో ప్రయోగాల నమోదు చూస్తే తెలిసిపోతుంది; యాప్‌లో ఏ ఆలోచన ఆగిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇక పోటీ చట్టాల పనిముట్ల సంగతి. ధర పెరిగిందా, ఉత్పత్తి తగ్గిందా అని చూసే పాత పద్ధతిలో, ధర కొద్దిగా పెంచితే వాడుకరులు ఎటు పోతారో ఊహించి మార్కెట్ హద్దులు గీస్తారు. ధరే సున్నా అయితే సున్నాలో ఐదు శాతం పెంపు కూడా సున్నాయే. నాణ్యత, గోప్యత, ప్రకటనల రద్దీ వంటివాటిని ధరకు బదులుగా వాడవచ్చని పాఠ్యాలు చెబుతాయి గానీ, కోర్టులో వాటిని అంకెల్లో నిరూపించడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు. దీనికి తోడు కాలం. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020 డిసెంబరులో ఫేస్‌బుక్ మీద కేసు వేసినప్పుడు, స్నేహితులు, బంధువుల మధ్య సంబంధాల నెట్‌వర్క్ అనే మార్కెట్‌ను నిర్వచించుకుంది. విచారణ ముగిసేసరికి జనం ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో గడిపే సమయంలో ఎక్కువ భాగం ముక్కూ మొహం తెలియనివారి చిన్న వీడియోలకే పోతోంది. టిక్‌టాక్, యూట్యూబ్‌లను కూడా లెక్కలోకి తీసుకోవాలని, మెటాకు (ఫేస్‌బుక్ సంస్థ కొత్త పేరు) ఇప్పుడు గుత్తాధిపత్యం ఉన్నట్లు రుజువు కాలేదని న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ 2025 నవంబరులో తేల్చారు. మీ ప్రశ్నలోని సందేహానికి బలమైన ఆధారం కావాలంటే ఇదే: బయటినుంచి వచ్చిన ఒక సంస్థ ఏ నియంత్రణ సాయమూ లేకుండా ఆ రంగాన్ని తిరగరాసింది. ఈ తీర్పును తేలికగా కొట్టిపారేయలేం. అయినా టిక్‌టాక్ యజమాని బైట్‌డాన్స్ అప్పటికే సొంత దేశపు మార్కెట్లో బలిసిన పెద్ద సంస్థ, వాడుకరులను సంపాదించడానికి ప్రకటనల మీద విపరీతంగా ఖర్చు పెట్టగలిగింది. అలాంటి ఖజానా లేనివారికి ఆ దారి తెరిచి ఉందని ఈ ఉదాహరణ నిరూపించదు.

జోక్యం చేసుకున్నచోట ఆవిష్కరణ కుంటుపడిందా అన్నది చరిత్రలోనే చూడవచ్చు. అమెరికాలో టెలిఫోన్ గుత్తసంస్థ ఏటీ అండ్ టీ మీద నడిచిన కేసు 1956లో రాజీతో ముగిసింది. సంస్థను విడగొట్టలేదు, కానీ బెల్ వ్యవస్థ అని పిలిచే ఆ సంస్థ సమూహం చేతిలో అప్పటికి ఉన్న దాదాపు 8 వేల పేటెంట్లను ఎవరు అడిగినా రాయల్టీ లేకుండా ఇవ్వాలని షరతు పెట్టారు. తర్వాతికాలపు ఆర్థికవేత్తలు పేటెంట్ల ఉటంకింపులను, అంటే కొత్త పేటెంట్లు పాతవాటిని ప్రస్తావించిన తీరును, తిరగేసి చూస్తే, ఆ పేటెంట్ల ఆధారంగా వచ్చిన కొత్త ఆవిష్కరణలు స్పష్టంగా పెరిగాయి, అందులోనూ చిన్న, కొత్త సంస్థల నుంచి. ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దాని రెండో సగం. పెరుగుదల అంతా టెలికాంకు బయటి రంగాలలోనే కనిపించింది. టెలికాం పరికరాలలో పెద్దగా ఏమీ జరగలేదు. అక్కడ పేటెంటు చేతికి వచ్చినా సరుకు అమ్ముకోవడానికి దారి లేదు, ఎందుకంటే నెట్‌వర్క్ బెల్‌దే, పరికరాలను అది తన అనుబంధ సంస్థ దగ్గరే కొనేది. జ్ఞానాన్ని తెరిచి, దారిని మూసి ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ దారి 1968లో తెరుచుకుంది: మొబైల్ రేడియోను ఫోన్ లైనుకు కలిపే కార్టర్‌ఫోన్ అనే పరికరం వాడకూడదన్న నిషేధాన్ని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కొట్టేసింది. నెట్‌వర్క్‌కు హాని చేయని ఏ పరికరాన్నైనా తగిలించుకోవచ్చని తేలాక జవాబు యంత్రాలు, ఫ్యాక్స్, మోడెమ్‌లు ఇతరుల చేతుల మీదుగా ఇళ్లలోకి వచ్చాయి. ఇంటర్నెట్ మొదట ఇళ్లలోకి ప్రవేశించింది ఆ మోడెమ్‌ల గుండానే.

విండోస్ ఆధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకుందని అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన కేసును కూడా ఇదే కోవలో చెబుతుంటారు. 1998 మేలో మొదలై, సంస్థను రెండుగా చీల్చాలన్న 2000 నాటి ఆదేశం 2001లో పైకోర్టులో రద్దయి, ప్రవర్తన మీద ఆంక్షలతో ముగిసింది. ఆ కేసు భయం లేకపోతే గూగుల్‌ను మైక్రోసాఫ్ట్ మొగ్గలోనే తుంచేసేదన్న వాదన వినసొంపుగా ఉంటుంది గానీ, దాన్ని నిరూపించే మార్గం లేదు. నేను దాని మీద బరువు మోపను.

ఇప్పుడు నడుస్తున్న ప్రయోగం యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం. తప్పు జరిగాక విచారించే బదులు, ముందే నియమాలు పెట్టే పద్ధతి ఇది. ఏటా 750 కోట్ల యూరోల యూరప్ రాబడి లేదా 7,500 కోట్ల యూరోల మార్కెట్ విలువ, దానితోపాటు నెలకు 4.5 కోట్ల వాడుకరులు, ఏటా 10 వేల వ్యాపార వాడుకరులు ఉన్న వేదికలను గేట్‌కీపర్లుగా గుర్తించి, సొంత సేవలకు పెద్దపీట వేయకూడదని, వ్యాపారులు వేదిక మీద చేసే లావాదేవీల డేటాను వారికే పోటీగా వాడకూడదని, మెసేజింగ్ సేవలు కోరినవారితో అనుసంధానం కావాలని బాధ్యతలు పెట్టింది. ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ), అమెజాన్, యాపిల్, బైట్‌డాన్స్, మెటా, మైక్రోసాఫ్ట్‌లను 2023 సెప్టెంబరులో అలా గుర్తించారు. 2024 మార్చి నుంచి నియమాలు అమలులోకి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో యాపిల్‌కు 50 కోట్లు, మెటాకు 20 కోట్ల యూరోల జరిమానా పడింది. బ్రిటన్ ఒక్కో సంస్థకు విడివిడిగా నియమాలు రాసే పద్ధతిని ఎంచుకుంది; భారత్‌లో ఇలాంటి చట్టం కోసం 2024 మార్చిలో ఒక కమిటీ ముసాయిదా బిల్లుతో సహా నివేదిక ఇచ్చింది.

దీనికి ఖర్చు లేకపోలేదు. మెటా తన థ్రెడ్స్ సేవను 2023 జులైలో ఇతర దేశాల్లో ప్రారంభించి, యూరోపియన్ యూనియన్‌లో డిసెంబరు దాకా ఆపింది. యాపిల్ కూడా కొన్ని కొత్త సౌకర్యాలను అక్కడ ఆలస్యంగా ఇచ్చింది. వాడుకరి కోణంలో ఇది నష్టమే. కానీ ఈ ఆలస్యాలలో ఎంత భాగం చట్టం వల్ల తప్పనిది, ఎంత భాగం చట్టం మీద ఒత్తిడి తేవడానికి చేసినదీ బయటివారు తేల్చలేరు కాబట్టి, వీటిని ఆవిష్కరణ ఆగిపోయిందనడానికి రుజువుగా నేను తీసుకోను.

ఇంతకంటే పెద్ద సమస్య, అక్షరానికి లోబడి భావానికి గండి కొట్టే పద్ధతి. వీడియో గేమ్‌ల సంస్థ ఎపిక్ గేమ్స్ వేసిన కేసులో 2021లో అమెరికా కోర్టు, యాప్ తయారీదారులు కొనుగోలుదారులను బయటి చెల్లింపు మార్గాలకు పంపకుండా అడ్డుకోకూడదని యాపిల్‌ను ఆదేశించింది. అప్పీళ్లన్నీ ముగిశాక యాపిల్ బయటి లింకులను అనుమతించింది, అయితే ఆ లింకు ద్వారా బయట జరిగే అమ్మకాల మీద కూడా 27 శాతం కమీషన్ విధించింది. లోపల కడితే మామూలు రేటు 30 శాతం. బయట చెల్లింపులు నిర్వహించేవారికి ఇచ్చుకోవలసిన రుసుము కలుపుకుంటే తయారీదారుకు మిగిలేది ఏమీ లేదు. పైగా లింకు నొక్కిన కొనుగోలుదారుకు భయం పుట్టించే హెచ్చరిక తెర ఒకటి. కోర్టు అడిగిన తలుపు తెరిచారు, గడప మాత్రం ఎవరూ దాటలేనంత ఎత్తు పెట్టారు. న్యాయమూర్తి 2025 ఏప్రిల్‌లో దీన్ని కోర్టు ధిక్కారంగా తేల్చారు. ఆదేశం వచ్చాక మూడున్నరేళ్లకు పైగా గడిచింది.

అందువల్ల మీ రెండో ప్రశ్నకు, అంటే ఏ రూపంలో జోక్యం చేసుకోవాలన్నదానికి, నా వరుస ఇలా ఉంటుంది. అన్నిటికంటే ముందు దారి తెరిచే నియమాలు: డీఫాల్ట్ స్థానాన్ని ఒక్కరికే కట్టబెట్టే ఒప్పందాల నిషేధం, డేటాను వాడుకరి తనతో తీసుకుపోగలగడం, పరస్పర అనుసంధానం. వీటికి సంస్థ ఏం కనిపెట్టాలో, ఏ ధర పెట్టాలో చెప్పే అధికారి అక్కర్లేదు. ఆ తర్వాత సొంత సేవలకు పెద్దపీట వేయడం మీద నిషేధం. ఇది అవసరమే గానీ, మ్యాప్‌ను శోధన ఫలితంలోనే చూపడం సౌకర్యమా పక్షపాతమా అన్న ప్రశ్న ప్రతిసారీ తలెత్తుతుంది, కాబట్టి ఇక్కడ మొండి నియమం కంటే వివరణకు అవకాశమున్న నియమం మేలు. సంస్థను విడగొట్టడం మీద నాకు ఉత్సాహం తక్కువ; నెట్‌వర్క్ ప్రభావం ఉన్నచోట విడిపోయిన ముక్కల్లో ఒకటి మళ్లీ అదే స్థాయికి పెరగవచ్చు. ప్రకటనల సాంకేతిక వ్యవస్థలో లాగా అమ్మేవారి తరఫునా, కొనేవారి తరఫునా, మధ్య సంత నిర్వాహకుడిగానూ ఒకే సంస్థ కూర్చున్నప్పుడు మాత్రం నా అభిప్రాయం వేరు, అక్కడ ప్రయోజనాల ఘర్షణ ఏ ప్రవర్తనా నియమంతోనూ పోదు. ఇవన్నీ కాగితం మీద ఎంత బాగున్నా, తుది తీర్పు వచ్చేదాకా నష్టం ఆగేలా తాత్కాలిక ఆదేశాలిచ్చే అధికారం, అల్గారిదమ్‌ను చదివి అర్థం చేసుకోగల ఇంజనీర్లు నియంత్రణ సంస్థకు లేకపోతే ఫౌండెమ్ కథే పునరావృతమవుతుంది.

గూగుల్ సెర్చ్ కేసులో 2025 సెప్టెంబరులో వచ్చిన దిద్దుబాటు ఆదేశం ఈ వరుసకు దగ్గరగా ఉంది. క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ కోరికను న్యాయమూర్తి ఒప్పుకోలేదు, డీఫాల్ట్ స్థానానికి డబ్బు చెల్లించడాన్ని కూడా పూర్తిగా నిషేధించలేదు. ఏకైక హక్కు కోరే ఒప్పందాలను మాత్రం నిషేధించి, అర్హులైన పోటీదారులకు కొంత శోధన సూచిక (వెబ్ పేజీల జాబితా), వాడకపు డేటా ఇవ్వాలన్నారు. ఉత్పాదక కృత్రిమ మేధ వచ్చి పోటీ స్వరూపాన్ని మార్చిందన్నది ఆ మితత్వానికి ఒక కారణం. నా సందేహమంతా డేటా పంపకం మీదే. అర్హుడైన పోటీదారు ఎవరు, వాడుకరుల గోప్యత కోసం అరుదైన ప్రశ్నలను ఎంతవరకు తీసివేస్తారు అన్నవి అమలును పర్యవేక్షించే సాంకేతిక కమిటీ ముందు చర్చకు వచ్చే విషయాలు. ఎక్కువ మంది అడిగే ప్రశ్నలకు జవాబులు చిన్న సంస్థలు కూడా ఎలాగోలా సంపాదించుకోగలవు. వాటికి దొరకనిది, ఏ రోజో ఒకరిద్దరు అడిగే ప్రశ్నలకు జనం ఏ ఫలితాన్ని నొక్కారన్న సమాచారం. గోప్యత పేరిట ముందు కత్తెర పడేది కూడా దానికే.